గట్టు పక్క సాళ్ళు

వీడ్కోలు సభ ఏ రోజు పెట్టుకుందామని ఆమెను పల్లెకు పంపిన సంస్థవాళ్ళు ఫోన్‌లో అడిగితే పద్మప్రియ క్యాలెండరు చూసి గురువారం అంది. మృగశిర కార్తె వచ్చిన వారం అది. బెళుగుప్ప చుట్టుపక్కల పల్లెల్లో ఆ వారం ఎవరూ దేనికీ మాట ఇవ్వరు. పెళ్ళి మాటలు సగంలో ఉన్నా సరే, విత్తనం పడ్డాక చూద్దాంలే అని లేచిపోతారు.

బడి అరుగు మీద కూర్చుని విత్తనపు వేరుశెనగ కాయలు ఒలుస్తున్న రామాంజినమ్మ తలెత్తింది.

"గురువారం వానొస్తే ఏం జేస్తావు పాపా?"

"షామియానా వేయిస్తున్నాం అవ్వా. ఒక్క చుక్క లోపలికి రాదు."

అరుగు మీదున్న ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. పిల్లలూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక పద్మప్రియ కూడా కాసేపు నవ్వింది. ఆమెది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. ఆ ఇంట్లో వాన అంటే మగ్గం గుంతలోకి ఊరే నీళ్ళు, తేమకు బిగుసుకుపోయే దారం, నాయన తిట్లు. వానొస్తే ఏది తడవకుండా దాచాలన్నదే వాళ్ళ దిగులు. వానొస్తే ఊరు ఊరంతా ఇళ్ళు వదిలి చేన్లలోకి పరిగెత్తుతుందని, ఆ రోజు సభ కాదు కదా, పీనుగ లేచినా మోసేవాళ్ళు దొరకరని ఆ పిల్లకు ఎవరు చెప్పాలి? చెప్పడానికి వాళ్ళకే నమ్మకం లేదు. మూడేళ్ళుగా మృగశిర వట్టిదే పోయింది.

డిగ్రీ పరీక్షలు రాసి, ఎండాకాలమంతా దిన్నెమీదపల్లి పిల్లలకు చదువు చెబుతానని ఒప్పుకుని వచ్చింది పద్మప్రియ. జీతం లేని పని. వచ్చిన కొత్తలో బడి నిండింది. విత్తనం ఒలుపులు మొదలు కాగానే ఖాళీ అయింది. యంత్రంలో ఆడించిన గింజ పగులుతుందని విత్తనానికి చేత్తోనే ఒలుస్తారు, చిన్న వేళ్ళకు ఆ పని బాగా వస్తుంది. నాలుగు రోజులు ఖాళీ గోడలకు పాఠం చెప్పి, అయిదో రోజు పద్మప్రియ వీధులన్నీ తిరిగి, కాయలు కూడా బడికే తెచ్చుకోండని చెప్పింది. పిల్లల వెంట కాయలొచ్చాయి, కాయల వెంట అవ్వలొచ్చారు. ఆమె కూడా చెప్పిన పాఠమే మళ్ళీ మళ్ళీ చెబుతూ వాళ్ళతో ఒలవడం నేర్చుకుంది. బొటనవేలి గోరు ఊడినంత పనై గుడ్డపీలిక చుట్టుకుంది.

అందరిలో చంద్రిక ఒలుపు చూడాలి. కాయను రాయి మీద ఒక్క తట్టు తట్టి, గోటితో విప్పి, ఒళ్ళోని పుస్తకం మీంచి కళ్ళు తీయకుండానే గింజలు చేటలో వేస్తుంది. ఒక్క గింజకు పొట్టు లేవదు. పొట్టు లేచిన గింజ మొలవదని ఈ ఊరి పిల్లలకు అక్షరాలకంటే ముందే తెలుసు.

ఆ పిల్లకు అయిదో తరగతి అయిపోయింది. ఆరుకు బెళుగుప్పలో ఆడపిల్లల హాస్టలు బడి ఉంది. పద్మప్రియ బస్సెక్కి పోయి, ఆఫీసు గది ముందు నిలబడి నిలబడి సీటు ఖాయం చేసుకొచ్చింది. సోమవారం బడి తెరుస్తారు. ఆ రోజు తండ్రి పిల్లను వెంటపెట్టుకొచ్చి వదలాలి. రామాంజినమ్మ కొడుకు ఓబులేసే ఆ తండ్రి. అతను వదలనంటున్నాడు.

చదువు మీద కోపం కాదు. అడ్డమంతా చంద్రిక చేయి. ఒక ఏడు తల్లి జ్వరంతో పడుకుంటే, ఇంత పిల్ల విత్తే గొర్రు వెనక నడిచి విత్తనం వదిలింది. ఆ ఏడు ఓబులేసు చేను ఒక్క సందు లేకుండా మొలిచింది. ఇంకేముంది, పిల్లది చేతివాసి అని ఊరు తేల్చేసింది. తర్వాతి ఏళ్ళలో పంటలు ఎండిపోయినా ఆ నింద వాన మీదికి పోయింది గానీ చేతి మీదికి రాలేదు. ఊళ్ళో పెద్ద రైతు హనుమంతరాయుడికి ట్రాక్టరుంది, దానికి విత్తే యంత్రముంది. అయినా యంత్రంలో మొదటి పిడికెడు చంద్రికే వేయాలి. వేశాక టెంకాయ చిప్ప చేతిలో పెట్టి, లక్ష్మీ అని తల నిమురుతాడు. ఆయన మనవరాలు జయంతికీ ఇదే వయసు. అనంతపురంలో ఇంగ్లీషు మీడియం చదువుతోంది. ఆ పిల్ల చేయి ఎట్లాంటిదో ఎవరూ అడగలేదు. పద్మప్రియకు ఒళ్ళు మండేది అక్కడే.

మంగళవారం సాయంత్రం ఆమె వెళ్ళేసరికి ఓబులేసు ఇంటి ముందు గొర్రు సిద్ధం చేసుకుంటున్నాడు. గొర్రు మీద నిలబెట్టే కొయ్య గిన్నెను, జడ్డిగాన్ని, ఒళ్ళో పెట్టుకుని దాని అడుగు రంధ్రాలను మేకుతో తోడుతున్నాడు. గిన్నెలో వదిలిన గింజలు ఆ రంధ్రాల్లోంచి వెదురు గొట్టాల గుండా జారి సాళ్ళలో పడతాయి. ఒక్కో గొట్టాన్నీ నోటికి ఆనించి ఊది చూసుకుంటున్నాడు.

"సోమవారం బడి తెరుస్తారన్నా."

"తెరవనీ."

"చంద్రికను వదిలిపెట్టి రావల్ల మీరు."

ఓబులేసు గొట్టం ఊదాడు. దుమ్ము లేచింది. "తల్లీ, నువ్వు మంచిదానివే. ఎండల్లో వచ్చి పిల్లోల్లకి సదువు చెప్పినావు, ఎవరన్నా కాదన్నారా? ఎల్లుండి పోతావు. వానకు నేల పదునైతే గొర్రు ఎనకాల నడిచేదెవురు? వాళ్ళమ్మ బెంగుళూర్లో కూలికి పోయి ఉండాది. మాయమ్మకి మోకాళ్ళు ల్యావు. చేతివాసి ఉండే పిల్లని ఊరు దాటిస్తే ఊరికే కీడని హనుమంతరాయుడన్న అంటాండాడు."

"ఆయన మనవరాలు ఊరు దాటలేదా?"

"ఆ పాప చేయి ఏరే."

"చూసినారా మీరు?"

ఓబులేసుకు నవ్వొచ్చింది. దాన్ని మీసాల్లోనే అణుచుకుని ఇంకో గొట్టం అందుకున్నాడు.

"ఒక్కసారన్నా మీ పిల్ల చదివితే విన్నారా అన్నా?"

"నా ముందర నోరు తెరిస్తే కదా."

అది నిజమే. తలుపు వెనక నిలబడి వింటున్న చంద్రిక పాదాలు మాత్రమే కనిపిస్తున్నాయి. పుస్తకం ఇస్తే కళ్ళతో నమిలేసే పిల్ల, నలుగురిలో చదవమంటే గొంతు బావిలో పడ్డట్టే.

"గురువారం సభలో చదువుతాది. మీరొచ్చి వినండి. విన్నాక కూడా వద్దంటే నేను మళ్ళా అడగను."

"వస్తాలే."

"మాటేనా?"

"మాటే. కావాలంటే బసవన్నడుగు, నేను మాట తప్పేటోన్నా?"

బసవడు వాకిట్లో కట్టేసిన ఎద్దు. ఒక కొమ్ము వంకర. అది సాక్ష్యం చెప్పకుండా నెమరేసుకుంటూ ఉంది.

వీధి చివరి దాకా చంద్రిక వెంట వచ్చింది. "అక్కా, నేను హాస్టలుకు పోతే సందులెవురేస్తారు?"

"సందులంటే?"

"మొలకలొచ్చినాక యాడ గింజ మొలవలేదో ఆడ సందుంటాది కదా. ఆడ కూచోని మళ్ళా గింజ పెట్టల్ల, లేయల్ల, మళ్ళా కూచోవల్ల. అది పిల్లోల్ల పనే. పెద్దోళ్ళకి నడుం వంగదు. మా నాయనైతే ఒక్క గింజ పెడతాడు, అబ్బా అని లేస్తాడు." నడుం పట్టుకుని తండ్రి లేచినట్టే లేచి చూపించింది. ఇద్దరూ వీధిలో నిలబడి నవ్వారు.

"ఎవరో ఒకరు వేస్తారులే," అంది పద్మప్రియ. ఎవరు వేస్తారో ఆమెకూ తెలియదు.

బుధవారం మధ్యాహ్నం దాకా ఆకాశం ఎప్పటిలాగే ఉంది. నాలుగు గంటలప్పుడు రాయదుర్గం వైపు నల్లబడింది. బడి ముందు షామియానా గుంజలు పాతుతున్నవాళ్ళు పని ఆపి అటే చూశారు. గాలి దుమ్ము లేపింది, దుమ్ములో పెద్ద పెద్ద చినుకులు పడ్డాయి, తర్వాత ఇంక చినుకులని చెప్పడానికి లేకుండా కురిసింది. పద్మప్రియ పిల్లలు గీసిన బొమ్మలన్నీ పోగేసుకుని గదిలోకి పరిగెత్తింది. కిటికీలోంచి చూస్తే వీధిలో ఒక్కరు కూడా లోపలికి పోవడం లేదు. మృగశిర చిందిస్తే ముసలెద్దు రంకె వేస్తుందంటారు. బసవడు రంకె వేశాడో లేదో గానీ, రామాంజినమ్మ మాత్రం వాకిట్లో కర్ర పట్టుకుని నిలబడి, మొహం పైకెత్తి, ఆ వానకు నోరు తెరిచింది. మొన్న అరుగు మీద అందరూ ఎందుకు నవ్వారో పద్మప్రియకు అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక ఆమెకు నవ్వు రాలేదు. చంద్రిక సోమవారం ఈ నీళ్ళలోనే కొట్టుకుపోయినట్టు అనిపించింది.

గురువారం ఉదయం ఎండ కాసింది. షామియానా కింద ఎర్ర కుర్చీలున్నాయి, గోడకు బ్యానరుంది, పిల్లలు లేరు. ఊళ్ళో కుక్కలు కూడా లేవు. సంస్థ తరఫున చూసుకునే భరత్ అనంతపురం నుంచి బైకు మీద దిగాడు.

"ఏరీ పిల్లలు?"

"చేన్లలో ఉన్నారు."

"పెద్దవాళ్ళు కారులో బయల్దేరారు పద్మప్రియా, కళ్యాణదుర్గం దాటేశారు. ఎండాకాలం ఖర్చంతా పెట్టినవాళ్ళు, ఖాళీ కుర్చీలు చూపిస్తామా? అరగంట చాలు. పిల్లల్ని తీసుకురా, ఎవరో ఒకరు రెండు మాటలు చదివితే అయిపోతుంది."

ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని గట్ల మీద నడిచింది. నేల ఎర్రగా, మెత్తగా, ఆవిరి కక్కుతూ ఉంది. ఎక్కడ చూసినా మనుషులే. నందిని వాళ్ళ అమ్మ వెనక గింజల గంప మోస్తోంది. సందీప్ ఎద్దుల ముందు నడుస్తున్నాడు. ఇన్నాళ్ళూ బల్లల మీద చూసిన పిల్లలు ఇక్కడ ఒక్కసారిగా పెద్దవాళ్ళయినట్టున్నారు.

ఓబులేసు చేన్లో గొర్రు ఆ చివర నుంచి వస్తోంది. బసవడికి జతగా కట్టింది పక్క చేను రైతు మారుతి ఎద్దును. చీకటి పడేలోగా ఇద్దరి చేన్లూ అయిపోవాలి. గొర్రు వెనక చంద్రిక, ఒడి నిండా విత్తనం, పిడికిలి జడ్డిగం మీద. హనుమంతరాయుడి మొదటి చేనికి తెల్లవారేలోగానే పిడికెడు వేసి వచ్చిందట. గట్టు మీద రామాంజినమ్మ విత్తనపు సంచికి కాపలా.

"సభకు వస్తానంటిరి కదన్నా."

"అంటిని." ఓబులేసు ఎద్దుల్ని మళ్ళిస్తూనే అన్నాడు. "అయ్యోరొచ్చే దాకా అమాస ఆగతాదా తల్లీ? ఈ పదును రేపటికి ఆరిపోతాది. మీటింగుదేముండాది, ఎప్పుడన్నా పెట్టుకోవచ్చు."

గొర్రు మళ్ళీ అటు పోయింది. పద్మప్రియ గట్టు మీద నిలబడిపోయింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? మూడేళ్ళకు వచ్చిన వాన మీదా? వాన కోసం మాట తప్పిన మనిషి మీదా? సాయంత్రం బస్సుకు ఆమె పోవాలి. సోమవారం ఎవరూ ఈ పిల్ల సంగతి ఎత్తరు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముసలామె చూస్తోందని మొహం తిప్పుకుంది.

గొర్రు తిరిగి గట్టు దగ్గరికి వచ్చినప్పుడు ఆమె చేన్లోకి దిగింది.

"అయితే ఇక్కడే వినండి."

"ఈడనా? గింజలేసేదెవురు?"

"నేనేస్తాను."

పొద్దున్నించి మొదటిసారి ఓబులేసు గొర్రు ఆపాడు. అతను ఆమె మొహం చూడలేదు, చేతులు చూశాడు. సంచిలో ఉన్నది ఈ ఏటి విత్తనమంతా. అది సరిగా పడకపోతే మళ్ళీ తెచ్చుకునే దారి లేదు.

"పరాయి చేయి వద్దురా," అంది రామాంజినమ్మ.

"పరాయి చేయా అవ్వా? నీ పక్కన కూచోని ఒలిచిన చేయి కదా ఇది." గుడ్డపీలిక చుట్టిన వేలు చూపించింది పద్మప్రియ. "చిన్నప్పటి నుంచి మా నాయనకు కండెలు చుట్టిచ్చినాను. దారం ఒకచోట వదులు, ఒకచోట బిగువు పడితే చీరే పాడైతాది. నా చేయి సమంగా పోతాదన్నా."

రామాంజినమ్మ భుజం మీది తువ్వాలు తీసి గట్టు పొడవునా పరిచింది. "దీని మీద ఇడుసు, సూస్తా."

పద్మప్రియ పిడికెడు గింజలు తీసుకుని నడుస్తూ వేళ్ళ సందుల్లోంచి వదిలింది. ముసలామె వంగి, పరీక్ష పేపరు దిద్దినట్టు, వేలితో తడుముతూ పోయింది. "ఈడ గుంపు పడినాయి. ఈడ ల్యానే ల్యావు. మధ్యలో బాగుండాది." నిటారుగా నిలబడి కొడుకుతో అంది, "గట్టు పక్క సాళ్ళు ఈయిరా. ఆడ ఎట్లయినా మేకలు మేసేదే కదా."

చంద్రిక ఒడిలోని గింజలు పద్మప్రియ చున్నీలోకి మారాయి. సభలో చదవడానికి రాసుకుని నడుం దగ్గర దోపుకున్న కాగితాన్ని చంద్రిక బయటికి తీసింది. గొర్రు కదిలింది. జడ్డిగంలో గింజలు పడి వెదురు గొట్టాల్లో గలగలమన్నాయి. ఆ పక్కనే బురదలో నడుస్తున్న పిల్ల పెదవులు కదిలాయి గానీ ఏమీ వినపడలేదు.

"గట్టిగా సదువుమ్మా," అన్నాడు ఓబులేసు ముందుకే చూస్తూ. "బసవనికి ఇనపడల్ల."

బసవడి పేరు వినగానే చంద్రికకు గొంతు వచ్చింది. రాసింది వాడి గురించే మరి.

"మా ఎద్దు పేరు బసవడు. వానికి ఒక కొమ్ము వంకర. మా నాయనకు కోపం వస్తే నన్ను తిడతాడు, అవ్వను తిడతాడు, వానను కూడా తిడతాడు. బసవన్ని మాత్రం తిట్టడు."

గట్టు మీద ముసలామె కిసుక్కుమంది. ఓబులేసు చెర్నాకోల ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"గడ్డి కరువు వచ్చినప్పుడు మా ఊళ్ళో శానామంది ఎద్దులు అమ్మినారు. మా నాయన కూడా బసవన్ని సంతకు తోలుకొని పోయినాడు. నేనూ పోయినాను. సాయంత్రం మళ్ళా తోలుకొని వచ్చినాము. ఎందుకు అమ్మలేదని అవ్వ అడిగితే, బేరం కుదరలేదు అన్నాడు. కానీ..."

అక్కడ ఆగిపోయింది. కాగితంలో మాట ఉంది, నోట్లోంచి రావడం లేదు. తండ్రి వీపు వంక చూసింది. పద్మప్రియ పిడికిలి తనకు తెలియకుండానే బిగుసుకుంది. గొట్టాల్లో చప్పుడు ఆగిపోయింది.

"చేయి ఆపద్దు తల్లీ," అన్నాడు ఓబులేసు వెనక్కి తిరగకుండా. "మొలకొచ్చినాక తెలిసిపోతాది, పిల్ల యాడ నిలబడిందో."

పద్మప్రియ ఉలిక్కిపడి గింజలు వదిలింది. చంద్రిక ఊపిరి పీల్చుకుని ఒక్క గుక్కలో చదివేసింది.

"కానీ మా నాయన ఆ పొద్దు ఎవరినీ బేరం అడగలేదు. సంతలో చెట్టు కింద బసవన్ని పట్టుకొని నిలబడినాడు, ఎవరన్నా వస్తే ఇది అమ్మేది కాదు అని చెప్పినాడు. నేను చూసినాను."

సాలు చివరి మలుపులో ఓబులేసు ఎద్దుల్ని అదిలించకుండా తాడు లాగి తిప్పుకున్నాడు. అమ్మకు కూడా చెప్పని సంగతి అది. పక్కన పిల్ల ఉందని, పిల్లకు కళ్ళున్నాయని అతనికి ఆ రోజు తోచలేదు. తోచినా, అది కాగితం మీదికి వస్తుందని ఎట్లా అనుకుంటాడు?

"అయిపాయ నాయనా," అంది చంద్రిక కాగితం మడిచి.

"సేను అయిపోలేదు కదా. ఇంకేమన్నా సదువు."

పిల్ల గట్టు మీదికి పరిగెత్తి, పద్మప్రియ సంచిలో ఉన్న ఆరో తరగతి పుస్తకం తెచ్చుకుంది. అందులో మాటలు పెద్దవి. ముక్కలు చేసి, కూడబలుక్కుని, తప్పు చదివి, మళ్ళీ వెనక్కి వచ్చి చదివింది. ఆ పిల్ల తడబడిన ప్రతిచోటా పద్మప్రియ చేయీ తడబడింది. ఎంత గట్టిగా అనుకున్నా మనసంతా చెవుల్లోకి పోయేది.

హనుమంతరాయుడు గట్టు మీదికి బైకు తెచ్చి ఆపాడు. "ఓబులేసూ, పిల్లని పంపప్పా. రెండో సేని కాడ ట్రాక్టరు నిలబడిపోయింది."

"సదువుతాంది అన్నా. అయిపోనీ."

"పదునులో సదువేందప్పా?"

ఓబులేసు గొర్రు ఆపలేదు. "మీరే ఒక పిడికెడేసుకోండన్నా. మీ చేయి మాత్రం ఏం తక్కువ?"

మాటలో మర్యాద లోటేమీ లేదు. హనుమంతరాయుడు చంద్రిక వైపు, గొర్రు వెనక నడుస్తున్న కాలేజీ పిల్ల వైపు చూసి, బైకు తిప్పుకుని పోయాడు.

ఆ తర్వాత భరత్ వచ్చాడు. బూట్లకు బురద అంటి కాళ్ళెత్తలేక గట్టు మొదట్లోనే నిలబడ్డాడు. ఫోను పైకెత్తాడు. పద్మప్రియ తలెత్తలేదు. పిల్ల చదువుతున్నది కొంచెంసేపు విని, ఫోను జేబులో వేసుకున్నాడు. "వాళ్ళకు కూల్‌డ్రింకులిచ్చి పంపిస్తాలే," అని కేకేసి వెనక్కి వెళ్ళాడు.

వీడ్కోలు అంటే ఇక మిగిలింది గట్ల మీది మాటలే. పక్క చేన్లోంచి నందిని గంప దించి అడిగింది, "సాయంత్రం పోతాండావా అక్కా?"

"పోతాండా."

"మళ్ళా వస్తావా?"

వస్తానని నోటిదాకా వచ్చింది. పోయిన ఏడు వచ్చినవాళ్ళూ అదే చెప్పి వెళ్ళారని ఈ పిల్లలే చెప్పారు. "తెలీదు నందినీ," అంది.

"తెలీదంటే రావులే," అని నందిని గంప ఎత్తుకుంది. అది కోపం కాదు, అంతకంటే కష్టంగా తగిలింది.

సాయంత్రం బస్సు దగ్గరికి నలుగురైదుగురు వచ్చారు. మోకాళ్ళదాకా ఎర్రమట్టి, నిలబడే కునుకుతున్నారు. చంద్రిక పద్మప్రియ చేయి పట్టుకుని వదల్లేదు. ఓబులేసు మారుతి చేన్లోనే ఉన్నాడు. విన్నాడు గానీ అవునని అనలేదు, కాదని అనలేదు. మళ్ళీ అడగనని మాట ఇచ్చింది కాబట్టి ఆమె అడగలేదు. ఆ మాట ఎందుకిచ్చానా అని బస్సు వచ్చేదాకా ఏడుపును మింగుతూ నిలబడింది.

"పోయి రా పాపా," అంది రామాంజినమ్మ. "షామియానా తడవలేదంట కదా."

ధర్మవరంలో ఆ నెలాఖరున వాన పట్టుకుంది. మగ్గం గుంతలో నీళ్ళు ఊరాయి. నాయన వానను దాని తాతముత్తాతలతో సహా తిడుతూ పడుగు మీద పట్టా కప్పుతుంటే, పద్మప్రియ గుంతలో కూర్చుని చెంబుతో నీళ్ళు తోడుతోంది. ఫోను మోగింది.

"తల్లీ, నేను ఓబులేసును. గట్టు పక్క సాళ్ళు నువ్వొచ్చి సూడల్ల. మాయమ్మ నోట్లో పండ్ల మాదిరి ఉండాయి, ఒకటుంటే రెండు ల్యావు."

ఆమెకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. "తప్పయిపోయిందన్నా. విత్తనం పాడుచేసినాను."

"బసవని బేరం కాడ సూడు, మూరెడు సందుండాది. ఆపైన ఆ ఆరో తరగతి పుస్తకం కాడైతే ఇంక చెప్పే పనే ల్యా. పొద్దున్నించి సందులేస్తాండా. నడుం పాయ."

చెంబు ఆగింది. "మీరు వేస్తున్నారా? చంద్రిక ఏదన్నా?"

"అదుంటే నాకీ కర్మెందుకు తల్లీ," అన్నాడు ఓబులేసు. మాట్లాడుతూనే ఇంకో గింజ పెట్టినట్టున్నాడు. అబ్బా అని లేవడం ఫోన్లో వినిపించింది.